బావ నేర్పిన మట్టిపని

మా అక్క రెండో కాన్పుకి సాయంగా ఉండడానికి నన్ను తెనాలి పంపించారు. అరవైల మధ్యలో సంగతి. మా అమ్మ అప్పటికే పోయింది. వేమూరు దగ్గర మా ఊళ్ళో మిగిలింది నాన్న, పొలం, గేదెలు. పురుడు చూసే ఆడదిక్కు లేని పుట్టింటికి అక్క రాలేదు కాబట్టి నేనే వెళ్ళాను. ఎస్సెల్సీ తప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని. నన్ను పంపడం ఎవరికీ కష్టమనిపించలేదు.

బావ హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు. స్కూలు నుంచి రాగానే చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, ఇంటి వెనక రేకుల షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు. అక్కడ విగ్రహాలు చేసేవాడు. పోయిన పెద్దలవీ, నాయకులవీ. ఇనుప కడ్డీలతో మనిషి ఎత్తు చట్రం కట్టి, దానికి కొబ్బరితాడు చుట్టి, పైన కాలవమట్టి పట్టించేవాడు. మట్టితో మనిషి పూర్తయ్యాక ప్లాస్టరు పోసి అచ్చు తీసి, ఆ అచ్చులో సిమెంటు నింపేవాడు. అచ్చు ఊడదీసేటప్పుడు లోపలి మట్టి మనిషి ముక్కలై పోయేది. ఊళ్ళో నిలబడేది సిమెంటు మనిషి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ మట్టి మనిషి మీదే జాలి.

మొదట నాకు ఒప్పజెప్పిన పని గోనెపట్టాలు తడపడం. బావ స్కూల్లో ఉన్నంతసేపూ మట్టి ఆరిపోకుండా విగ్రహానికి తడి పట్టాలు చుట్టి ఉంచాలి. ఎండాకాలం ఒక పూట మరిచిపోతే ముఖం నెర్రెలు విచ్చేది. తర్వాత మట్టి పిసకడం, అందులో రాళ్ళూ వేళ్ళూ ఏరడం. ఒకరోజు పక్కన మిగిలిన ముద్దతో నేనొక చెవి చేసి బల్ల మీద పెట్టాను. బావ చూసి అది చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పాడు. కోప్పడతాడనుకున్నాను.

"ఎవరిదిది?" అన్నాడు.

"అక్కదండి."

అక్కని కేకేసి, చెవి పక్కన చెవి పెట్టి చూశాడు. చంటిపిల్లని ఎత్తుకుని వచ్చిన అక్క నవ్వింది. బావ కూడా నవ్వాడు. ఆ మర్నాటి నుంచి నాకు పని నేర్పాడు.

బాగా నేర్పాడు. ఈ మాట ఎక్కడైనా చెబుతాను. కళ్ళు మూసుకుని నా ముఖం నన్నే తడుముకోమన్నాడు. చర్మం సంగతి తర్వాత, ముందు ఎముక ఎక్కడుందో వేళ్ళకి తెలియాలన్నాడు. కళ్ళు చివర పెట్టాలనీ, ముందే పెడితే అవి మనల్ని చూస్తుంటాయనీ, ఇక ధైర్యంగా చెయ్యి పెట్టలేమనీ చెప్పాడు. వెదురు పుల్లలు చెక్కి నాకంటూ ఒక కట్ట ఇచ్చాడు. తప్పు చేస్తే దిద్దేవాడు కాదు. చెరిపి మళ్ళీ చెయ్యమనేవాడు. పిల్లకి పాలు తాగే వయసు దాటినా నేను మా ఊరు వెళ్ళలేదు. ఇంటిపని ముగించుకుని షెడ్డులోకి పోవడమే నాకు పండగ. నా జీవితంలో సంతోషంగా ఉన్న రోజులేవని అడిగితే అవే చెప్పాలి. అందుకే ఆ తర్వాత జరిగింది ఇంకా మింగుడుపడదు.

రేపల్లె నుంచి ఒక విగ్రహం అడిగారు. స్కూలుకి స్థలమిచ్చిన పెద్దరైతు పోతే ఆయన పిల్లలు చేయిస్తున్నారు. ఫొటో ఒకటే ఉంది. ఎవరిదో పెళ్ళిలో గుంపుగా తీయించుకున్నది, అందులో ఆయన ముఖం వేలిగోరంత. బావ ఆ ముఖాన్ని పెద్దది చేయించి తెచ్చాడు గానీ మసకగా వచ్చింది. అయినా మట్టితో మనిషిని నిలబెట్టాడు. అచ్చు తీసే ముందు చూసుకోమని కబురు చేస్తే ఆయన భార్య కొడుకుతో వచ్చింది. పెద్దావిడ. విగ్రహం చుట్టూ తిరిగి చూసి, "బాగానే ఉంది నాయనా. కానీ ఈయనెవరో నాకు తెలీదు" అంది.

బావ మార్చాడు. ఆవిడ మళ్ళీ వచ్చి మళ్ళీ అదే మాట అంది. బావ ముఖం మాడిపోయింది. స్కూలు టైమవుతోందని వెళ్ళిపోయాడు. ఆవిడకి మజ్జిగ ఇచ్చి నేను పక్కన కూర్చున్నాను. ఆయన ఎలా తినేవారు, ఎలా నవ్వేవారు అని ఊరికే అడిగాను. ఎడమవైపు దవడ పళ్ళు లేవనీ, ఆ బుగ్గ లోపలికి ఉండేదనీ చెప్పింది. ఒక చెవి వినపడదట. ఎవరు మాట్లాడినా రెండో చెవి ముందుకు పెట్టి, మెడ కొంచెం వంచి వినేవారట. "ఫొటోల్లో మాత్రం కర్రలా నిలబడేవారమ్మా" అంది.

ఆవిడ వెళ్ళాక పట్టాలు విప్పాను. బుగ్గలో మట్టి తీశాను. మెడ దగ్గర కోసి తలని కాస్త పక్కకి తిప్పాను. కళ్ళు చెరిపేసి, మాట సరిగ్గా వినపడని మనిషి ఎదుటివాళ్ళ నోటి వంక చూసే చూపు పెట్టాను. సాయంత్రం బావ వచ్చి చూసి అలాగే నిలబడిపోయాడు. తనే నీళ్ళు తెచ్చి పట్టాలు తడిపి చుట్టేశాడు.

ఆవిడ మూడోసారి వచ్చింది. విగ్రహం ముందుకు రాగానే భుజం నిండా కొంగు కప్పుకుని, ఒక అడుగు పక్కకి తప్పుకుని నిలబడింది. ఆయన బతికుండగా ఎదురుపడితే ఎలా నిలబడేదో అలా. కొడుకు కళ్ళు తుడుచుకుని, ఎలా పట్టుకున్నారు మాస్టారూ అని అడిగాడు.

"రెండు రోజులు కూర్చుని సరిదిద్దానండి" అన్నాడు బావ.

నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. పెద్దావిడ నా వైపు చూసింది. కొడుకు ముందు మాస్టారి మాట కాదని ఏమంటుంది? నాకూ అప్పుడు పెద్ద బాధ కలగలేదు. విగ్రహం ఆయనది, షెడ్డు ఆయనది, పని నేర్పింది ఆయన. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒక మాట అంటాడులే అనుకున్నాను.

రేపల్లెలో విగ్రహం తెర తీసిన రోజు మేమంతా వెళ్ళాం. బావకి శాలువా కప్పారు. దిమ్మె మీద చలవరాతి పలకలో శిల్పి అని ఆయన పేరు చెక్కించారు. ఫొటోలో లేని ప్రాణాన్ని ముఖంలోకి తెచ్చారని మైకులో పొగిడారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఎదురు సీటులోనే ఉన్నా బావ నాతో మాట్లాడలేదు. మర్నాడు పట్టాలు తడపడానికి వెళ్తే షెడ్డుకి తాళం ఉంది.

అక్క చెప్పింది. "ఇక అందులోకి వెళ్ళొద్దులే. పెళ్ళి కావాల్సిన పిల్లవి. ఆ చేతులు చూడు ఎలా అయ్యాయో." నేను ఆ ఇంటికి వచ్చినప్పుడూ పెళ్ళి కావాల్సిన పిల్లనే. నా చేతులు అంతకుముందూ అలాగే ఉన్నాయి. ఆ ముక్క అనబోతే అక్క చంటిదాన్ని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. నా వెదురు పుల్లలు షెడ్డులోనే ఉండిపోయాయి. అడగలేదు. ఇవ్వనూ లేదు.

నాన్న సంబంధాలు చూశాడు, ఏవీ కుదరలేదు. ప్రైవేటుగా ఎస్సెల్సీ కట్టి పాసై, చేతిపనుల ట్రైనింగుకి బాపట్లలో చేరాను. మట్టిపని తీసుకోబుద్ధి కాక చెక్కపని తీసుకున్నాను. ఆడపిల్లల్లో నేనొక్కదాన్నే. మేస్త్రీ మొదట చాలా రోజులు నా చేతికి ఉలి ఇవ్వలేదు. మగపిల్లలు చెక్కినవాటిని ఉప్పుకాగితం పెట్టి నున్నగా రుద్దమనేవాడు. చివరికి నసపెట్టి ఉలి తీసుకున్నాను. మట్టి తప్పుని మన్నిస్తుంది, తీసింది మళ్ళీ పెట్టుకోవచ్చు. చెక్క అలా కాదు. నారకి ఎదురుగా ఉలి పెడితే పెచ్చు లేచిపోయి పువ్వు రేకు సగం ఊడొస్తుంది. ఆ మొండితనం నాకు అప్పుడు బాగానే సరిపోయింది.

ఒక ఆదివారం హాస్టలు పిల్లలతో సూర్యలంక వెళ్ళాను. వాళ్ళు నీళ్ళలో ఆడుతుంటే తడి ఇసకలో కూర్చుని ఊరికే ఒక ముఖం చేశాను. పక్కన చేపలు ఎండబెడుతున్న ఆమె వచ్చి చూసి, "మీ నాయనేనా అమ్మా?" అంది. అప్పుడు సరిగ్గా చూశాను. అది మా బావ ముఖం. కాదమ్మా అని అరచేత్తో చదును చేసేశాను.

డెబ్బైల మొదట్లో ఉద్యోగం వచ్చింది. వేస్తే వేశారు, రేపల్లెలోనే వేశారు. రోజూ బడికి ఆ విగ్రహం పక్కనుంచే వెళ్ళాలి. మెడ వంచి ఆయన ఎవరి మాటో వింటున్నట్టే ఉండేవాడు. కింద పలక మీద బావ పేరు. బళ్ళో నా క్రాఫ్టు పీరియడంటే హెడ్మాస్టరుకి ఖాళీ పీరియడు. ఇన్‌స్పెక్షను ఉంటే పిల్లల్ని గడ్డి పీకడానికి పంపేవాడు. కొన్నాళ్ళకి ఉలులు పిల్లలకి ప్రమాదమని బీరువాలో పెట్టించి, ఆడపిల్లలకి కుట్లు నేర్పమన్నాడు. నేర్పాను.

అప్పుడొచ్చింది అక్క. తెనాలి నుంచి ఒక్కతే బస్సెక్కి. బావకి చూపు తగ్గిందట. ఎవరిదో విగ్రహం ముఖం ఎంతకీ కుదరక వాళ్ళు రెండుసార్లు తిప్పికొట్టారట.

"ఒక్కసారి వచ్చి చూసి పోవే" అంది.

"బావ రమ్మన్నాడా?"

"నేనంటే ఆయనన్నట్టు కాదా?"

"కాదక్కా. ఆయన్నే అడగమను. పేరు వెయ్యమనను. తన నోటితో ఒక్క మాట అడిగితే, ఉన్నపళాన వస్తాను."

అక్క నా గది వంక, కుట్టుమిషను వంక చూసింది. "ఆయనొచ్చి నీ గుమ్మంలో నిలబడాలా? పెళ్ళీ పెటాకులూ లేకపోయేసరికి ఇలా తయారయ్యావు" అంది. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది. బావ రాలేదు. ఆ ముఖం ఎలా ఉందో అలాగే అచ్చుపోసి నిలబెట్టారని, ఊళ్ళో జనం నవ్వారని తర్వాత విన్నాను. ఆయనకి ఇక పనులు రాలేదు. నాకు సంతోషం కలగలేదు. అక్క మాత్రం అంతా నావల్లేనని నమ్మింది, నా దగ్గరికి రావడం మానేసింది.

డెబ్బైలు ముగియబోతుండగా వేమూరులో మా బంధువుల పెళ్ళిలో మళ్ళీ అందరం కలిశాం. భోజనాల పంక్తిలో బావ నాకు ఎదురుగా పడ్డాడు. పెళ్ళివారి తరఫు పెద్దమనిషి ఒకాయన నేనేం చేస్తానని అడిగి, బొమ్మల పని వచ్చని ఎవరో చెబితే బావ వైపు తిరిగాడు. "మీరు నేర్పిందేనా మాస్టారూ?"

"అబ్బే, నేనేం నేర్పాను" అన్నాడు బావ, విస్తరి మీంచి తలెత్తకుండా. "బాపట్లలో ఏదో ట్రైనింగయింది."

రేపల్లె విగ్రహం ముఖం తన పనేనన్నాడు, ఊరుకున్నాను. నా చేతుల్లో ఆయన పెట్టినదాన్ని కూడా లేదంటున్నాడు. నేర్పానని ఒప్పుకుంటే ఇంకా ఏమేం ఒప్పుకోవాల్సి వస్తుందోనని భయం కాబోలు.

"లేదండి. నాకు పని నేర్పింది ఆయనే" అన్నాను.

పెద్దమనిషి మా ఇద్దరి వంకా చూసి, పెరుగు వడ్డించమని కేకేశాడు. బావ పెరుగన్నం కలుపుకోకుండానే లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. కాసేపటికి అక్క పెరుగు గిన్నె పట్టుకుని పంక్తి వెంబడి వచ్చింది. నా విస్తట్లో ఒక గరిటె వేసి, ముఖం చూడకుండా పక్కావిడ దగ్గరికి వెళ్ళింది.