నా రేగుకు నీళ్లు పోసినాయన

లాక్‌డౌన్‌ల సూరత్‌ల మగ్గాలు బందయినంక, మేం ఉన్ అనే బస్తీవాళ్లం ఖాడీ కాలువ పక్క బీడుల మొక్కలు పెట్టినం. పోయిన పిట్టలు మల్ల రావాల్నని వేప, రేగు, మోదుగ తెచ్చినం. నా వరుస పక్కనే, కార్ఖానల నా పక్క మగ్గం నడిపేటాయన వరుస. ఆయన నీళ్లు పోసి, ఒక్కో మొక్క మొదట్ల మట్టిని అరచేత్తో అదిమి, "ఇగ బతుకు బిడ్డా" అనేటోడు. ఆయనవి చిగురు పెట్టినయి. నావి ఎండవట్టినయి. అందరు ఆయననే మెచ్చుకుంటుంటే నాకు కడుపు మండేది.

కొన్నాళ్లకు నావి గూడ తేరుకున్నయి. అదంత నా గొప్పే అనుకున్న. ఒకనాడు పొద్దుగాల్నే పోయి చూస్తె, ఆయన నా రేగుకు నీళ్లు పోస్తుండు.

"ఏందయ్యా, ఇది నాది గద?"

"నీ దిక్కు నేల రాళ్లదన్నా. జర ఎక్కువ తాగుతది."

సంతోషపడాల్సింది పోయి, ఇంకింత కుళ్లుకున్న.

రైళ్లు నడువంగనే ఆయన ఊరికి పోయిండు, మల్ల రాలే. రెండేండ్లకు నా రేగుల పిగిలిపిట్ట గూడు కట్టింది. బస్తీ అంత నన్ను మెచ్చుకుంటె, నేను ఆయన ఊసే ఎత్తలే. కావాల్నని ఆయనకు ఫోన్ చేసి, "పిట్ట నా చెట్టు మీదనే గూడు కట్టింది" అన్న.

"నిజమా అన్నా! గుడ్లు పెట్టిందా?" అని కేక పెట్టిండు.

చెట్టు నాదైనా నాకు అంత సంబురం గాలే. ఆయన సంబురం విని గూడ కుళ్లుకున్న.