ఆదెమ్మ సొంతంగా రాసిన లెక్కల పేపరు

ఉయ్యూరులో అంగన్‌వాడీ ఆయాగా పనిచేసే ఆదెమ్మకి లెక్కలంటే భయం కాదు, కోపం. పదో తరగతిలో ఆ ఒక్క సబ్జెక్టే పోయింది. "సమానం గుర్తు దాటితే ప్లస్సు మైనస్ ఎందుకవుద్దండీ?" అని అడిగినందుకు మాస్టారు, "కలుపు తీయడానికి ఇవన్నీ అక్కర్లేదులే, కూర్చో" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మళ్ళీ పరీక్షకి కట్టమని ఇంట్లో ఎవరూ అనలేదు.

నలభై దాటాక, పది పాసైతే అంగన్‌వాడీ టీచరు పోస్టుకి అర్హత వస్తుందని తెలిసి ప్రైవేటుగా కట్టింది. నర్సింగ్ చదువుతున్న కూతురు హెప్సిబా సాయంత్రాలు దగ్గర కూర్చునేది.

"ఐదు ఎక్స్ ప్లస్ ఏడు, ముప్పై రెండుకి సమానం. ఏడుని అటు పంపించెయ్యమ్మా, మైనస్ అవుద్ది."

"ఎందుకవుద్దే? గుమ్మం దాటితే మనిషి మారిపోతాడా?"

హెప్సిబా పుస్తకం పక్కన పెట్టింది. "పంపించడం కాదమ్మా. తక్కెడ అనుకో. ఇటు ఏడు తీస్తే అటూ ఏడు తియ్యాలిగా. లేకపోతే ఒక పక్కకి వాలిపోద్ది."

ఆదెమ్మ రెండు వైపులా ఏడు తీసేసింది. ఐదు ఎక్స్ ఇరవై అయిదు. ఎక్స్ అయిదు. పెన్ను కింద పెట్టి, ఒక్కసారిగా లేచింది.

"ఇంతేనా? ఈ ముక్క చెప్పడానికి ఆ మాస్టారికి నోరు పడిపోయిందా?"

ఆ పూట అన్నం వండుతున్నంతసేపూ గిన్నెలు దబదబమన్నాయి. కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. మర్నాటి నుంచి లెక్కల మీద పగబట్టినట్టు చేసింది.

పరీక్ష విజయవాడలో, గవర్నర్‌పేట దగ్గర ఒక స్కూల్లో పడింది. పేపర్లు పంచగానే ఇన్విజిలేటర్ తలుపు మూసి, బోర్డు మీద జవాబులు రాయడం మొదలెట్టాడు.

"గబగబా దింపుకోండి."

ఆదెమ్మ లేచి నిలబడింది. "తుడిచెయ్యండి సార్."

"నీ మంచికేగా తల్లీ. ఈ వయసులో నీకు లెక్కలొస్తాయా?"

"వస్తాయో రావో నన్ను రాయనిచ్చి చూడండి. చిన్నప్పుడూ ఇట్టాగే రావని కూర్చోబెట్టారు."

"నీకొద్దంటే మానుకో, మా పొట్ట కొట్టకు!" వెనక నుంచి ఎవరో కసిరారు.

ఆయన తుడవలేదు. ఆదెమ్మ కుర్చీని బల్లకి అవతలి పక్కకి గరగరా ఈడ్చి, బోర్డు వైపు వీపు పెట్టి కూర్చుంది. కోపంతో అక్షరాలు వంకర్లు పోతున్నాయి. త్రిభుజం కోణాలు ఎక్స్, రెండు ఎక్స్, మూడు ఎక్స్ అయితే అవి ఎంతెంత? మొత్తం ఆరు ఎక్స్, నూట ఎనభై. ముప్పై, అరవై, తొంభై. జవాబు కింద గట్టిగా గీత గీసింది. కొన్ని లెక్కలు ఎంతకీ తెగలేదు. వాటిని ఖాళీగా వదిలేసింది గానీ తల మాత్రం తిప్పలేదు.

ముప్పై ఎనిమిదితో పాసైంది. మార్కుల వరస చూసి పోస్టు అదే గదిలో రాసిన ఒకమ్మాయికి ఇచ్చారు.

"నువ్వూ దింపుకునుంటే పోయేదిగా," అన్నాడు భర్త జయపాల్, జాలిగానే.

ఆదెమ్మ చేతిలోని చీపురు గోడకేసి కొట్టింది.

"ఆ పిల్ల దింపుకుంది. నేను చేశాను. రెండూ ఒకటేనని ఇంకోసారి అన్నావంటే ఊరుకోను."

పక్క ఊళ్ళో ఇంకో పోస్టు ఖాళీ పడితే, అదే ముప్పై ఎనిమిదితో మళ్ళీ దరఖాస్తు పెట్టింది.