వెనక రెక్కలో గీత

మా కాలనీ సెక్రటరీ గారు ఒకసారి నన్ను కొత్తగా వచ్చినవాళ్ళకి పరిచయం చేస్తూ, "ఈవిడ కాలేజీ ల్యాబులో సీసాలూ అవీ కడిగేవారు" అన్నారు. నేను బరంపురంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. సీసాలు కూడా కడిగాను, కాదనను. ఆ మాట అని ఆరేళ్ళయింది. ఆయన మరిచిపోయారు.

మా మేడ మీద నాటు తేనెటీగల పెట్టె ఒకటి ఉండేది. చీమలు ఎక్కకుండా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టి, గాలివాన వచ్చినప్పుడల్లా మెట్ల గదిలోకి మోసి నాలుగేళ్ళు సాకాను. పోయిన వేసవిలో వీధి మలుపులో మిఠాయి దుకాణం అతను వచ్చాడు. ఒడియా మనిషి, నన్ను పిన్నీ అన్నట్టు మావుసీ అంటాడు.

"మావుసీ, మీ ఈగలు మా రసగుల్లా పాకంలో పడి సస్తున్నాయి. గిరాకీలు సూసి ఎల్లిపోతున్నారు."

"నావే అని ఎలా తెలిసింది? వాటి మీద నా పేరు రాసుందేటి?"

"పెట్టె మీ మేడ మీదే కదా ఉంది."

"వెనక వీధి బ్యాంకాయన పెరట్లో రెండున్నాయి. ఆయన్ని అడిగావా?"

అడగలేదు. బ్యాంకాయన కూతురి పెళ్ళికి మిఠాయంతా ఆ దుకాణానిదే. నేను కొనేది వారానికి పావుకిలో.

ఆదివారం కాలనీ మీటింగులో తీర్మానం చేశారు. పాకంలో పడుతున్నవి నా ఈగలైతే పెట్టె తీసెయ్యాలి. ఎవరివో వచ్చే ఆదివారం నేనే తేల్చి చూపిస్తానన్నాను.

బ్యాంకాయనవి ఇటలీ జాతి. బతికున్నప్పుడు కాస్త పెద్దగా, పసుపుగా ఉంటాయి. పాకంలో నాని ముడుచుకుపోయాక రంగుని, సైజుని నమ్మలేం. రెక్కని నమ్మొచ్చు. వెనక రెక్కలో ఒక ఈనె అడ్డ ఈనెతో కలుస్తుంది. ఇటలీ ఈగలో అది అక్కడితో ఆగిపోతుంది. నాటు ఈగలో ఆ కలిసిన చోటు దాటి, అంచు వైపు చిన్న గీతలా ఇంకాస్త సాగుతుంది. ఉత్త కంటికి కనబడదు.

మా కాలేజీ మూలన పడేసిన మైక్రోస్కోపు ఒకటి నా దగ్గరుంది. దాన్ని ఇప్పించుకోడానికి నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. దుకాణం పాకం నుంచి పదకొండు ఈగల్ని ఏరి తెచ్చి, గోరువెచ్చటి నీళ్ళలో జిగురు పోయేదాకా కడిగాను. సూదితో వెనక రెక్కలు విడదీసి, గ్లిజరిన్ చుక్క వేసి స్లైడ్లకెక్కించాను.

మొదటిదాంట్లోనే గీత ఉంది. రెండోదాంట్లో ఉంది. పదకొండింట్లో తొమ్మిదింటికి ఉంది.

ఆ వారమంతా పెట్టె దగ్గర కూర్చున్నాను. ఉన్న గీతని లేదని చెప్తే తప్పు పట్టగలిగినవాళ్ళు మా కాలనీలో ఒక్కరూ లేరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఆదివారం మైక్రోస్కోపు మోసుకెళ్ళి బల్ల మీద పెట్టాను.

"సూడండి సెక్రటరీ గారూ."

"మాకేటి తెలుస్తాది మేడమ్, మీరు సెప్పిందే రాసుకుంటాం."

"తొమ్మిది నావి, రెండు బ్యాంకాయనవి. పెట్టె తీసేస్తాను."

ఆయన పుస్తకం తెరిచి రాసుకోబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"ముందు సూడండి. తరవాత రాద్దురు గానీ."

"ఒప్పుకున్నారు కదా, ఇంకెందుకండీ?"

"నేను కాదని ఉంటే సూసేవారా?"

బ్యాంకాయన నవ్వి, "సూసెయ్యండి మాస్టారూ, లేపోతే ఈవిడ మనల్ని ఇంటికి ఎల్లనివ్వరు" అన్నాడు.

సెక్రటరీ గారు కళ్ళజోడు తీసి వంగారు. నా ఈగ రెక్క, బ్యాంకాయన ఈగ రెక్క మార్చి మార్చి చూపించాను. చాలాసేపు చూశారు.

"ఔను. దీనికుంది, దానికి లేదు" అన్నారు. అప్పుడు చెయ్యి తీశాను.

మర్నాడు సాయంత్రం ఈగలన్నీ లోపలికి చేరాక ద్వారానికి జాలీ బిగించి, పెట్టెని ఆటోలో గోపాలపూర్ దగ్గర మా మరిది జీడితోటకి తీసుకెళ్ళి దింపాను. నెలకోసారి వెళ్ళి చూసొస్తున్నాను.

పాకంలో ఇప్పటికీ ఈగలు పడుతున్నాయని పనిమనిషి చెప్పింది. వాటి రెక్కలు చూడమని ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.