మైకు ముందు మా తమ్ముడి సాక్ష్యం

చుండూరులో మా బంధువుల పెళ్ళికి ఫోటోలు మా తమ్ముడు సుధాకరే తీశాడు. వాడికి తెనాలిలో స్టూడియో ఉంది. ఆల్బమ్ తెరిస్తే ఉంగరాలు మార్చుకునే ఫోటోలన్నీ మసక మసకగా ఉన్నాయి. "కెమెరా పాతబడిందక్కా" అన్నాడు. ఆ కెమెరా కొన్నది మొన్న క్రిస్మస్‌కే. టీ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు, అయినా సగం చొక్కా మీద పోసుకున్నాడు. కెమెరాకి ఏ రోగమూ లేదని నాకు అప్పుడే అర్థమైంది.

వాడు తాగుతాడని అందరికీ తెలుసు. మా చర్చిలో మాత్రం "కొంచెం అలవాటుంది" అంటారు. ఆ ఒక్క ముక్కతో ఎంతటి తాగుడుకైనా దుప్పటి కప్పేస్తారు. నేను రేపల్లెలో లెక్కల టీచర్ని, నాకు ఆ దుప్పటి భాష రాదు. అమ్మా నాన్నా లేరు, వాడికి పెళ్ళి కాలేదు. వాడికి ఉన్నది నేనే కాబట్టి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాను.

తెనాలిలో డాక్టరు లివర్‌కి ఎల్ఎఫ్‌టీ రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేయించారు. "ఫ్యాటీ లివర్ అమ్మా, ఇంకా సిర్రోసిస్ దాకా పోలేదు. కానీ ఇంట్లో ఉంచి ఒక్కసారిగా మాన్పించకండి. విత్‌డ్రాయల్‌లో ఫిట్స్ రావచ్చు. డాక్టరున్న చోట అడ్మిట్ చేయండి" అన్నారు.

డాక్టరున్న చోటు ఏది? అందరూ ఒకటే పేరు చెప్పారు, బాపట్ల అవతల ఉన్న డీ-అడిక్షన్ సెంటర్. గేటు మీద బోర్డులో డాక్టరు పేరు, దాని పక్కన గూడ్సు బండంత పొడవున డిగ్రీలు. నడిపేవాడు డైరెక్టరు గారట. అంతకుముందు రొయ్యల మేత ఏజెన్సీ చేసేవాడట. చెరువుల దగ్గర నేర్చిన మర్యాదలే మనుషుల మీదా చూపిస్తున్నాడని తర్వాత తెలిసింది.

వాణ్ణి అక్కడే చేర్పించాను. కొత్తలో చూడనివ్వలేదు. తర్వాత ఆదివారాలు గేటు ఊచల్లోంచి మాట్లాడనిచ్చారు, పక్కన ఒక మనిషి నిలబడి ఉండగా. మే నెల ఎండలో సుధాకర్ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని వచ్చేవాడు. "బాగున్నానక్కా" అనేవాడు. కళ్ళు మాత్రం నా చెప్పుల మీద ఉండేవి. "డాక్టర్ని పిలవండి, మాట్లాడతాను" అని ఎప్పుడడిగినా డైరెక్టరు "ఇప్పుడే వెళ్ళారండి" అనేవాడు. ఎప్పుడూ వెళ్ళడమేగానీ రావడం లేని డాక్టరు!

ఇలాంటి సెంటర్ల మీద కన్నేసి ఉంచడానికి ప్రభుత్వం వేసిన బోర్డు ఒకటుందని అప్పుడే తెలిసింది. ఫిర్యాదు చేశాను. "వస్తామండి, కంగారు పడకండి" అన్నారు. వచ్చే రోజు నాతో పాటు సెంటర్ వాళ్ళకీ చెప్పారు. దొంగతనం పట్టుకునేవాడు ముందే కబురు పంపినట్టు!

నేను వెళ్ళేసరికి మంచాల మీద కొత్త దుప్పట్లు, ఒకదానికి షాపు స్టిక్కరు కూడా తియ్యలేదు. బోర్డు వారు కార్లు దిగారు. చైర్మన్ రిటైరైన పెద్ద ఆఫీసరు. ఫ్యాన్లు తిరుగుతున్నాయా, మంటలార్పే సిలిండరు ఉందా అని చూశారు. సిలిండరు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. మనుషుల దగ్గర అంతసేపు నిలబడలేదు.

తర్వాత అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ముందు మైకు పెట్టారు. మైకు పక్కనే డైరెక్టరు. "బాబూ, ఒక్కొక్కరూ లేచి మీ అనుభవం చెప్పండి" అన్నారు చైర్మన్. నా ఫిర్యాదు కాబట్టి ముందు సుధాకర్నే పిలిచారు.

మైకు చేతికి అందగానే వాడు కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువు నామానికి స్తోత్రం. చెడిపోయిన నన్ను ఈ స్థలానికి నడిపించిన దేవునికి వందనాలు. డైరెక్టరు గారికి వందనాలు. వచ్చిన పెద్దలకు వందనాలు" అన్నాడు. సండే స్కూల్ నుంచీ మావాళ్ళకు ఉన్న అలవాటే అది. నలుగురి ముందు నిలబెట్టి అనుభవం చెప్పమంటే సాక్ష్యం చెబుతారు, సాక్ష్యమంటే కృతజ్ఞతలు. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు, బోర్డూ కొట్టింది. "ఏంటమ్మా, మీ తమ్ముడే ఇలా చెబుతుంటే మీరేమో..." అన్నారు చైర్మన్. ఇంత చదివి ఇన్ని ఉద్యోగాలు వెలగబెట్టిన మనిషికి, భయపడేవాడి చేతికి మైకిస్తే భయమే మాట్లాడుతుందని తెలియదు.

వాళ్ళు భోజనానికి లేచారు. వరండాలో సుధాకర్ని పట్టుకుని "ఏరా, ఇదా నువ్వు చెప్పేది?" అన్నాను. "మైకు ఇచ్చాక ఫిర్యాదులు ఎలా చెబుతారక్కా, బాగుండదు" అని ఏడ్చాడు. కళ్ళు తుడుచుకుంటుంటే చొక్కా చెయ్యి జారింది. మణికట్టు చుట్టూ తాడు ఒరుసుకుపోయిన పుండు. రెండో చేతికీ అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది.

వాణ్ణి ఆఫీసు గదిలోకి తీసుకెళ్ళాను. బోర్డు వారి ముందు విస్తళ్ళు, గారెలు, నాటుకోడి పులుసు. వాడి చొక్కా చేతులు పైకి మడిచి, రెండు చేతులూ ఆ విస్తళ్ళ మధ్య బల్ల మీద పెట్టించాను. చైర్మన్ ముఖం తిప్పుకుని "భోజనాల దగ్గర ఇవేంటమ్మా?" అన్నారు. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. వాళ్ళలో ఒక డాక్టరమ్మ మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చింది.

"ఎప్పుడు కట్టారు బాబూ?"

"ఫిట్స్ వచ్చినప్పుడండి."

"డాక్టర్ వచ్చారా?"

"లేదండి. డైరెక్టరు గారు వచ్చారండి."

ఆమె అక్కడికక్కడే ఆంబులెన్స్‌కి ఫోన్ చేసింది. ఆ బోర్డులో నేను చూసిన పని అదొక్కటే.

ప్రభుత్వాసుపత్రి సైకియాట్రీ వార్డులో థయమిన్ విటమిన్ ఇంజెక్షన్లు, ఫిట్స్ రాకుండా మందులు ఇచ్చారు. నేను వాడికి క్లాసు పీకబోతే డాక్టరు ఆపారు. "ముందు నిద్ర పట్టనివ్వండి మేడమ్, నీతులు తర్వాత" అన్నారు. ఇంటికొచ్చాక బాగానే ఉన్నాడు. కొల్లిపరలో ఒక ఫంక్షన్‌కి వెళ్ళి మళ్ళీ తాగొచ్చాడు. తల దించుకునే వాణ్ణి మళ్ళీ ఆ వార్డుకే తీసుకెళ్ళాను. "రిలాప్స్ ఈ జబ్బులో మామూలే. సిగ్గుపడి రావడం మానకండి" అని డాక్టరు మళ్ళీ మందులు మొదలుపెట్టారు.

సెంటర్ సంగతి ఏమైందని బోర్డుకి ఫోన్ చేస్తే "సూచనలు ఇచ్చాంలెండి" అన్నారు. ఏం సూచించారో మరి! మెత్తటి తాళ్ళు వాడమన్నారేమో. గేటు మీద ఆ డిగ్రీల బోర్డు ఇంకా వేలాడుతూనే ఉంది.

సుధాకర్ ఇప్పుడు స్టూడియో తెరుస్తున్నాడు. మందులు మానలేదు, చెకప్‌కి నాతోనే వస్తాడు. మొన్న ఒక బాప్తిస్మం ఫోటోలు చూపించాడు. నీటి చుక్కలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. మణికట్ల మీద మచ్చలు మాత్రం పోలేదు.

ఇది చదివేవాళ్ళలో ఎవరి మనిషైనా ఇలాంటి చోట ఉంటే, బోర్డు వారు వచ్చి చూసి వెళ్ళారు కదా అని నిశ్చింతగా ఉండకండి. గేటు బయటికి, పక్కన ఎవరూ లేని చోటికి తీసుకెళ్ళండి. బాగున్నావా అని అడగడం తర్వాత. ముందు చొక్కా చేతులు పైకి మడిచి చూడండి.