గేము కేసెట్‌కి పెట్టిన బొట్టు

పాత గేముల్ని ఫోనులో ఆడించే ఎమ్యులేటరట. మనవరాలు నా చేతికిచ్చి, "నాన్న సిన్నప్పటి గేమే నానమ్మా, ఆడు" అంది. ఆ టింగుటింగు పాట వినగానే శ్రీకాకుళంలో మా పాత హాలు, టీవీ ముందు వైర్ల చిక్కు, కేసెట్‌లోకి ఉఫ్‌మని ఊదుతున్న మా అబ్బాయి, అన్నీ కళ్ళముందు మెదిలాయి. మీ పిల్లలూ అలాగే ఊదేవారు కదూ?

ఫోనులో ఊదడానికేమీ లేదు. అద్దం మీదే బొత్తాలు. వేలు జారి మూడుసార్లు గోతిలో పడ్డాను. "సేవ్ సేసీసేన్లే, సచ్చిపోయినా ఏటీ కాదు" అంది మనవరాలు. చచ్చినా ఏమీ కాని ఆట నాకు నచ్చలేదు. మావాడి కేసెట్ నిజంగానే చచ్చిపోయింది, అదీ నా చేతుల్లో.

ఆ ఏడు దసరాకి కత్తిపీట, కుట్టుమిషను, సైకిలుతో పాటు ఆ కేసెట్‌కీ భక్తిగా తడి పసుపు రాసి బొట్టు పెట్టాను. పసుపు లోపలి రేకుల్లోకి దిగిపోయింది. వాడెంత ఊదినా టీవీలో ఉత్త గీతలే. నన్ను ఒక్క మాట అనలేదు. నేనే, "పోన్లేరా, ఇకనైనా సదువుకో" అన్నాను.

మొన్న దసరాకి వాడు లాప్‌టాప్ పూజలో పెట్టనన్నాడు. "పెద్ద ఉద్యోగం రాగానే దేవుడు సేదైపోయాడేటిరా?" అని అందరి ముందూ దులిపేశాను. వాడు నవ్వి, దాన్ని సంచిలో పెట్టి జిప్పు లాగేశాడు.

ఆ జిప్పు చప్పుడు నాకు ఈరోజు గానీ సరిగ్గా వినిపించలేదు. వాడు ఆఫీసు నుంచి వచ్చే వేళయింది. గోతులన్నీ ఎలాగో దాటేస్తాను గానీ, వాడితో ఆ పసుపు మాట ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.