కరెంటు పోతే కూడే సంఘం

ఈ మధ్య తిరుపతిలో ఒక బట్టల కొట్లో కొత్త లుంగీ మడత విప్పితే గుప్పుమని గంజి వాసన కొట్టింది. కొట్టతను రంగు నిలుస్తుందని ఏదో చెబుతున్నాడు. నా మనసు మాత్రం నగరిలోని మా వీధికి వెళ్లిపోయింది. ఇంటింటికీ మరమగ్గం, తెల్లారితే ఆ చప్పుడే. ఆ వీధిలో సుగుణక్క అనే మనిషి లేకపోయి ఉంటే నేను ఈ రోజుకీ మా నాయన మగ్గానికి నూలు కండెలు చుడుతూ ఉండేదాన్ని.

అక్క అప్పుడు డిగ్రీ చదువుతోంది. తనూ, తోటి విద్యార్థులు కొందరూ కలిసి యువజన సంఘం పెట్టి, మగ్గాల వీధి పిల్లలకు చదువు చెప్పడానికి పూనుకున్నారు. సాయంత్రం ఆరింటికి రమ్మంటే ఒక్కరమూ వెళ్లలేదు. మగ్గం ఆడుతుంటే కండెలు చుట్టే పిల్లలను ఏ ఇంట్లో వదులుతారు? "కరెంటు ఎప్పుడు పోతే అప్పుడే మన బడి" అని తేల్చేసింది అక్క. కరెంటు కోత వేళ మారినప్పుడల్లా మా బడి వేళా మారేది. ఊరంతా కరెంటువాళ్లను తిట్టుకుంటుంటే, మేము మాత్రం కరెంటు ఎప్పుడు పోతుందా అని దేవుడికి మొక్కుకునేవాళ్లం.

వారానికొకసారి సభ. పిల్లల్లో ఒకరు కుర్చీలో కూర్చుని పెద్దరికం చేయాలి. ఆ పెద్ద అనుమతి లేనిదే ఎవరూ నోరు విప్పకూడదు, అక్కతో సహా. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు, మగ్గాల హోరులో పెరిగినదాన్ని కదా, అంత నిశ్శబ్దంలోనూ గొంతు చించుకుని అరిచాను. అందరూ పడీపడీ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. "నవ్వబాకండి. గొంతు ఉండాది, మాటొకటి నేర్సుకుంటే సాలు" అంది అక్క.

పదో తరగతి గట్టెక్కాక తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదవాలని నా ఆశ. నాయనతో చెప్పాలంటే భయం. మా ఇంటికి వచ్చి చెప్పమని అక్కను బతిమాలాను.

"నేను సెప్పను ధనా. సదివేది నువ్వు గదా" అంది. కష్టకాలంలో చెయ్యి వదిలేసిందని ఆమె మీద చాలా కోపం వచ్చింది.

సంగతి ఎవరో నాయన చెవిన వేశారు. ఆ వారం సభకు నేనే పెద్దను. కరెంటు పోగానే నాయన నేరుగా అక్కడికే వచ్చేశాడు.

"ఏమ్మా సుగుణా, నా బిడ్డకు లేనిపోని ఆశలు పెడతాండావా?"

అక్క చాప మీదనుంచి లేవలేదు. "అన్నా, ఈ పొద్దు సభకు పెద్ద మీ పాపే. మాట్లాడల్లంటే ఆమెనే అడగల్ల. నేనైనా అంతే."

నాయన నా వైపు తిరిగాడు. "మాట్లాడు నాయనా" అన్నాను.

ఆయన కోపమంతా ఎక్కడికి పోయిందో! "ఆడ నీకు జొరమొస్తే ఎవురు సూస్తారు పాపా?" అన్నాడు.

జవాబు చెప్పబోతుండగా కరెంటు వచ్చింది. వీధిలో మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి, పిల్లలంతా ఇళ్లకు పరుగెత్తారు. నాయన మాత్రం చాప మీద కూర్చున్నాడు.

"పోనీలే, నువ్వు సెప్పు" అన్నాడు.

మగ్గాల హోరు మీద అరిచి చెప్పాను, నాకు చదవాలని ఉందని, జ్వరమొస్తే నగరి బస్సెక్కి వచ్చేస్తానని. అంతా విన్నాడు. "ముందు ఆ హాస్టలు సూసొస్తాం పా" అన్నాడు. చూశాక, చేర్చాడు.

చాలా ఏళ్ల తర్వాత అక్కను అడిగాను, ఆ రోజు నా తరఫున ఒక్క మాట ఎందుకు చెప్పలేదని.

"అంతకు ముందేడే నా డిగ్రీ అయిపోయింది. టీచర్ ట్రైనింగుకు పోవల్లని ఉన్నింది నాకు. ఇంట్లో అందురూ మాట్లాడినారు. పెదనాయన వద్దన్నాడు, మామ వద్దన్నాడు. మా కాలేజీ అయ్యవారొచ్చి పంపించమన్నాడు. ఆఖరుకు పంపలేదు. నన్ను మాత్రం ఎవురూ అడగలేదు ధనా."

ఇప్పుడు నేను ఒక జూనియర్ కాలేజీలో పిల్లల్ని చేర్చుకునే చోట కూర్చుంటున్నాను. అమ్మాయి ఏ గ్రూపు తీసుకోవాలో తండ్రి చెబుతాడు, మేనమామ చెబుతాడు. అంతా విని, అమ్మాయి వైపు తిరిగి "నువ్వు చెప్పమ్మా" అంటాను. కొందరికి నోరు పెగలడానికి చాలాసేపు పడుతుంది. వెనక క్యూలో వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.