బటన్ లేని మంచు

“మంచే గద, మెత్తగుంటది, ఏం గాదు అన్నదెవరు బావా? నువ్వు గాదా?”

“నేనే అన్న పుష్పా.”

“సూపర్‌వైజర్ కిందికి దిగుమన్నంక గూడ నీ తమ్ముడు నీకే ఫోన్ జేసిండు. మా అన్న రోజూ మంచులనే తిరుగుతడు, ఆయనకెరుక అన్నడు. నీ మాట పట్టుకొనే ఆడ ఆగిండు!”

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో, కార్మికులుండే ఆ విల్లా గదిలో, పై మంచం మీద పడుకున్న రూమ్మేట్ తిరుమల్‌కు ఫోన్లోని ఏడుపు కూడా వినిపిస్తూనే ఉంది. ఫోన్ పట్టుకున్న నర్సింగ్ మాత్రం ఏడవలేదు.

నర్సింగ్‌ది జగిత్యాల దగ్గరి పల్లె. దోహా వచ్చిన కొత్తలో ఎండలో సెంట్రింగ్ పని చేశాడు. తర్వాత ఒక మాల్‌లోని మంచు హాల్లో డ్యూటీ దొరికింది. గడ్డకట్టే ఆ చలిలో యంత్రం నీటిని సన్నటి తుంపరగా చిమ్ముతుంది. తుంపర గాల్లోనే మంచై రాలుతుంది. దాన్ని పారతో సమంగా పరవడం, పిల్లలు తొక్కి గట్టిపరిచింది గీకి తీయడం అతని పని. జూన్ ఎండలో ఉన్ని టోపీతో బస్సెక్కుతుంటే “కశ్మీర్ సేఠ్ వచ్చిండు, యల్లా, జరుగుండ్రి” అని నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. బటన్ నొక్కితే కురిసి, మళ్లీ నొక్కితే ఆగే మంచు తప్ప ఇంకో మంచు అతనికి తెలియదు.

తమ్ముడు, పుష్ప భర్త జలంధర్ హిమాలయాల్లో సొరంగం పనికి పోయాడు. సోమవారం కొండ మీది మంచు జారి వాళ్ల రేకుల షెడ్డును కప్పేసింది. మిగతావాళ్లు ముందే దిగిపోయారు, జలంధర్ ఒక్కడే లోపల చిక్కాడు. కురుస్తుండగా వెతికితే వెతికేవాళ్ల మీదా పడుతుందని, వెతకడం కూడా ఆపేశారు.

పుష్ప ఫోన్ పెట్టేసింది. నర్సింగ్ ఆ ఫోన్‌నే పైకి అందించాడు. “జర చూడు తిరుమల్. ఎప్పుడాగుతదో.”

డిగ్రీ మధ్యలో వదిలేసినా తిరుమల్‌కు ఫోన్లో తెరిచి ఉన్న, ఆ కొండల ఇంగ్లీషు వాతావరణ పేజీ అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది. పడమటి నుంచి తడి మేఘాలు ఇంకా వస్తున్నాయి. కొండకు తగిలి పైకెక్కి, దుమ్ము రేణువుల చుట్టూ మంచు పేరుకుని రాలుతూనే ఉంటుంది. పాతిన కొలకర్ర దగ్గర నిన్నటికే నడుము లోతు. కింద పాత మంచు నున్నగా గట్టిపడింది, కొత్తది దానికి అతుక్కోదు. వారమంతా హెచ్చరికే.

“ఆగేటట్టు లేదు కాకా.”

“మా హాల్ల ఎన్నడు జారలే.”

“మీ హాలు చదునుగుంటది గద కాకా.”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. నర్సింగ్ తడి చేతి తొడుగులు మంచం కమ్మీ మీద ఆరేశాడు. సర్దాడు. మళ్లీ సర్దాడు.

“రేపు పుష్ప మళ్ల జేస్తది. ఎప్పుడాగుతదని అడుగుతది. ఫోన్ నీకిస్త, నువ్వే చెప్పు. అబద్ధం జెప్పకు, ఉన్నదున్నట్టే చెప్పు. మంచు సంగతి ఇంకోసారి నా నోట్లకెల్లి రావద్దు.”